మంచుగది మైల

చైత్రం, పొయ్యి ఆర్పిన రోజు

నా తర్వాత ఈ గరిటె పట్టుకోబోయే తల్లీ, ఇది నీ కోసం రాస్తున్నాను. నా ముందున్నామె నాకు ఒక్క ముక్క కూడా రాసిపెట్టకుండా పోయింది. ఉప్పు ఎక్కడ దాచిందో వెతుక్కోవడానికే నాకొక పూట పట్టింది.

ఈ రోజుతో వంట ముగిసింది. ఇక వానలు పడేదాకా అడుగూరులో ఎవరూ పొయ్యి రాజేయకూడదు. పైన ఎండ మనిషిని నిలువునా మాడ్చేస్తోంది. కింద మనం రాజేసిన నిప్పు సెగ ఈ గుహలు దాటి ఎటూ పోదు. కాబట్టి నియమం మంచిదే. పెట్టినవాళ్ళు ఒక్క రోజైనా సంగటి కెలికి చూసుంటే వంటకు ఇంకో నెల ఇచ్చేవాళ్ళు, అంతే నా బాధ.

నేనూ హుసేనమ్మక్కా కలిసి వేసవికంతా సరిపడా వండి పొట్లాలు కట్టిపెట్టాం. గోంగూర పప్పు, ఉలవచారు, పులగం, చెనిగ్గింజల పొడి వేసిన వంకాయ కూర, రాగి సంగటి. ఇక్కడ చాలా ఇళ్ళల్లో మొగుడు పంపుల దగ్గరుంటే పెళ్ళాం దీపాల వెలుగులో పంటలు పండించే తోటలో ఉంటుంది. పని దిగి ఇంటికొచ్చి పొట్లాన్ని వేడినీళ్ళ గొట్టం కింద తొట్లో పడేస్తే, బిడ్డకు కాళ్ళూ చేతులూ కడిగేలోపు అన్నం తయారు. పొట్లం మీద ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. మాది పసుపు, హుసేనమ్మక్కది ఆకుపచ్చ. ఆమె వేసే ముడి చూడాలి, పళ్ళతో పీకితే తప్ప ఊడి రాదు. "అక్కా, నువ్వు కట్టేది పప్పు పొట్లమా, దొంగల మూటా?" అంటే నవ్వుతుంది.

ఒక్క పని మాత్రం మరిచిపోకు. పొట్లాన్ని ముందు పళ్ళెంలో పరిచి మంచుగదిలో పెట్టాలి. పలకలాగా గట్టిపడ్డాకే ఇనుప కమ్మీల మీదికి మార్చాలి. మెత్తగా ఉన్నప్పుడే కమ్మీల మీద పెట్టావో, సందుల్లోకి జారి అక్కడే గడ్డకట్టుకుంటుంది. తర్వాత నీ తాత దిగొచ్చినా ఊడదీయలేడు.

సాయంత్రం మేస్త్రి మాట్లాడాడు. మేస్త్రి అంటే మనిషి కాదు, ఊరికి కరెంటు పంచే యంత్రం. ఎప్పుడో కట్టినవాళ్ళు దాన్ని గోడల్లోనే పెట్టి పోయారు. "పైన ఎండ పట్టే పలకల మీద దుమ్ము పేరుకుంది. ఈ ఏడు కరెంటు తక్కువ. వాడకంలో లేని చోట్ల ఆపుతాను" అన్నాడు. మా ఏడేళ్ళ వేణి వెంటనే పరిగెత్తి పడకగదిలో దీపం ఆర్పేసింది. మంచిదే, ఈ ఊళ్ళో అందరూ దీపాలు వెలగనిచ్చి తిరిగేవాళ్ళే అనుకున్నాను.

వైశాఖం, మొదటి శుక్రవారం

సుంకన్న తాత పోయాడు. నిద్రలోనే, ఎవరి చేతా గ్లాసు నీళ్ళు కూడా అడక్కుండా పోయాడు. ఎవరికైనా అలాంటి చావే రావాలి.

పైన బతికిన కాలంలో పోయినవాళ్ళ కోసం కాకికి ముద్ద పెట్టేవాళ్ళట. ఇక్కడ కాకి ఎక్కడిది? అందుకని మన పెద్దలు వేరే నియమం పెట్టుకున్నారు. ఎవరు పోయినా మూడు రోజులు ఊరంతటికీ మైల, మంచుగది తలుపు తీయకూడదు. ఊరందరి అన్నం ఆ ఒక్క గదిలోనే ఉంది కాబట్టి పోయినవాళ్ళు తమ వాటా చూసుకుంటూ అక్కడే తిరుగుతారని, వాళ్ళకు అడ్డం పోకూడదని. నాలుగో రోజు పొద్దున పసుపునీళ్ళు చల్లి, పోయినవాళ్ళ దారం ఉన్న పొట్లం ఒకటి పక్కన పెట్టి, ఆ తర్వాత మిగతావాళ్ళు తీసుకుంటారు. అందాకా ఇంట్లో ఉన్న బొరుగులూ చెనిగ్గింజలే గతి.

ఊరి పెద్ద తిరుపాలు మామ వచ్చి తలుపు మీద తెల్లగుడ్డ దించాడు. చలి ఎంతుందో చెప్పే అంకెల దీపం కూడా గుడ్డ కిందికి పోయింది.

"మా ఇండ్లల్లో మూడో దినం గోరీ కాడికి పోయి జియారతు చేస్తాం గానీ తలుపులు మూయం మే" అంది హుసేనమ్మక్క, నా చెవి దగ్గర. "నేను పోయినప్పుడు మాత్రం ఈ గుడ్డ ఏయనియ్యాకు. పిల్లోళ్ళు నా పేరు చెప్పుకొని బొరుగులు నమలల్లనా?"

"ఛీ, నోరు ముయ్యి. శుభమా అని వేసవి మొదలైతే అవేం మాటలక్కా" అని తిట్టాను.

మైల విడిచిన రోజు

తలుపు తీశాం. ఈ మూడు రోజులూ సందంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో! మంచుగది ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది, ఆ చప్పుడుకే మా సందులో పిల్లలు నిద్రపోతారు. మొన్న అది కూడా వినపడలేదనిపించింది. అందరూ మాట తగ్గించి తిరుగుతున్నారు కదా, తాత మీద గౌరవం అనుకున్నాను. ఈ పొద్దున వచ్చేసరికి మామూలుగానే గుర్రుమంటోంది.

లోపల ముందు వరుసల్లో పొట్లాలు కమ్మీలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒకదాన్ని బలంగా లాగితే టపీమని ఊడింది. అడుగున కమ్మీల అచ్చులు, గాడుల్లాగా. నాకు ఒళ్ళు మండింది.

"అక్కా, మెత్తగా ఉన్నప్పుడే సర్దేసినావా ఏంది?"

"నా బిడ్డల మీద ఒట్టు, పలకల మాదిరి అయినాకనే పెట్టినా."

"నీకు బిడ్డలు యాడుండారు?"

"అందుకే ధైర్యంగా ఒట్టేస్తాండా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. పొట్లాలు పంచేశాం. గౌరమ్మ వచ్చి వాళ్ళింటి ఎర్రదారం పప్పు తీసుకుపోయింది. గౌరమ్మ తిరుపాలు మామ కూతురు, పంపుల దగ్గర పనిచేస్తుంది. "అక్కా, గాడులు పడినా రుచి పడిపోదు కదా?" అని వెక్కిరించి పోయింది. వేణికి నేనే పులగం వేడిచేసి పెట్టాను.

వైశాఖం, బుధవారం

సందు సందంతా వాంతులు. ముందు పిల్లలకు మొదలైంది, ఇప్పుడు పెద్దవాళ్ళకు. వేణి నిన్నటినుంచి ఏదీ లోపల నిలుపుకోవడం లేదు. నీళ్ళు తాగిస్తే నీళ్ళే బయటికి వస్తున్నాయి. దాని కళ్ళు లోపలికి పోయాయి. నా కొంగు పట్టుకున్న పట్టు వదలడం లేదు, ఆ పట్టులో బలం మాత్రం లేదు.

నీళ్ళు చెడ్డాయని అందరూ అంటున్నారు. కరెంటు పనులు చూసే మద్దిలేటి నీళ్ళ గొట్టాలన్నీ విప్పి కడిగాడు. వాడు చూస్తే నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయట. వేడినీళ్ళలో కాచి తింటున్న అన్నం కదా, అన్నాన్ని ఎవరూ అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు. నా చేతి వంటను నేనెందుకు అనుమానిస్తాను?

నాకు భయంగా ఉంది. రాయడానికి సిగ్గేం లేదు. వేణి నాన్న పోయినప్పటినుంచి నాకు మిగిలింది ఇదొక్కతే.

వైశాఖం, శనివారం

గౌరమ్మ పోయింది. ఐదు రోజుల కిందట నన్ను వెక్కిరించి పోయిన పిల్ల. పొట్టలోది ఏదీ ఆగక, ఎండిపోయి పోయింది. తిరుపాలు మామ ఏడవలేదు. తలుపు మీద గుడ్డ తానే దించాడు. ముడి మాత్రం మద్దిలేటి వేశాడు.

గుడ్డ దించకముందు నేనొక పని చేశాను. ఆ గాడులు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఒక గ్లాసులో గడ్డకట్టిన నీళ్ళ మీద చింతగింజ ఒకటి పెట్టి, ముందు వరుసలో ఉంచాను. హుసేనమ్మక్క చూసి, "ఏం మే, మంచుకు బొట్టు పెడ్తాండావా?" అంది.

"మంచు కరగకుంటే గింజ మీదనే ఉంటాది. కరిగి మళ్ళా గడ్డకడితే అడుక్కు పోయింటాది. అంతేక్కా, ఊరికే."

ఆమె నవ్వలేదు.

వైశాఖం, మైలలో రెండో రోజు

బొరుగులు తినడం మొదలుపెట్టినప్పటినుంచి పిల్లలు కోలుకుంటున్నారు. వేణి లేచి కూర్చుని చెనిగ్గింజలు అడిగింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క గింజా నలిపి పెట్టాను. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది.

తిరుపాలు మామ ఇల్లిల్లూ తిరిగి అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు. "చూస్తిరా? నియమం పాటించినన్నాళ్ళు అందరూ బాగుండారు. తలుపు తీసినాకనే రోగం వచ్చింది. మనం తొందరపడి తీస్తాండాం. పోయినోళ్ళకు మూడు దినాలు చాలడం లేదు. ఈసారి ఎవురన్నా పోతే పది దినాలు మూద్దాం."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. బిడ్డ లేచి కూర్చున్న సంతోషంలో ఎవరేం చెప్పినా ఊపేదాన్నే.

సందు మళ్ళీ నిశ్శబ్దంగా ఉంది. ఈసారి గోడకు చెవి ఆనించి విన్నాను. మంచుగది గొంతు వినపడలేదు. గౌరవం కాదు అది.

మైల విడిచిన రోజు

గింజ గ్లాసు అడుగున ఉంది.

గ్లాసును దీపం కింద తిప్పి తిప్పి చూశాను. పైన మంచు నున్నగా, అద్దంలాగా ఉంది. అడుగున నల్లటి గింజ. నా వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు "ఏందక్కా, తొందరగా కానీ, పనికి పోవాల" అంటున్నారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడి ఎవరికీ పొట్లం ఇవ్వనన్నాను. తిట్టారు. తిట్టనీ. మద్దిలేటిని పిలిపించాను.

మద్దిలేటి గింజ చూశాడు, కమ్మీల మీద గాడులు చూశాడు. "మేస్త్రిని అడుగుదాం పా అక్కా" అన్నాడు.

మేస్త్రితో మాట్లాడే చోటు పంపుల గది పక్కన ఉంది. నేనే అడిగాను.

"మంచుగదికి కరెంటు ఆపావా?"

"ఆపాను. ఒక పగలూ ఒక రాత్రీ తలుపు తెరుచుకోలేదు, లోపలికి ఎవరూ పోలేదు. వాడకంలో లేని చోటు. అక్కడి చల్లగాలిని కూడా పంపుల దగ్గరికి మళ్ళించాను. పంపుల దగ్గర మనుషులున్నారు."

"మళ్ళీ ఎందుకిచ్చావు మరి?"

"ఇలా మూసినప్పుడు నాలుగో పొద్దున తెరవడం మీ అలవాటు. ఒక రోజు ముందు మొదలుపెడితే సమయానికి అన్నీ గట్టిపడతాయి. మీకు ఇబ్బంది కలగలేదు కదా?"

దానికి మన మీద కోపం లేదు, పగ లేదు. కష్టపడి మన అలవాటు నేర్చుకుని, మనకు ఇబ్బంది లేకుండా మన అన్నాన్ని కుళ్ళబెట్టి మళ్ళీ నీటుగా గడ్డకట్టి పెట్టింది. కుళ్ళిన తర్వాత ఎంత కాచినా ఆ విషం పోదు.

బయటికొచ్చాక మద్దిలేటి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అక్కా, అర్థమైతాందా? ఒకరు పోతే తలుపు మూస్తాం. తలుపు మూస్తే అన్నం చెడతాది. అన్నం చెడితే ఇంకొకరు పోతారు. మళ్ళా మూస్తాం."

"ఈసారి పది దినాలు మూస్తామంటాండాడు మామ" అన్నాను.

"పది దినాలైతే వెనక వరుసలు గూడా మిగలవు. వానలదాకా ఊరు ఏం తింటాది?"

మేస్త్రిని మార్చలేరా అని అడిగాను. దాని తాళం పైన, ఎండలో ఉందట. ఇప్పుడు పైకి పోయినవాడు తిరిగి రాడు. తలుపు దగ్గర మరలు ముడితే చెడిపోయిందనుకుని గదిని పూర్తిగా ఆపేస్తుందట. మనిషి తలుపు తీసి లోపలికి పోవడం ఒక్కటే అది నమ్ముతుంది.

అదే రోజు, సాయంత్రం

తిరుపాలు మామ దగ్గరికి మద్దిలేటి, హుసేనమ్మక్క, నేను ముగ్గురం పోయాం. గ్లాసు చూపించాను. ఆయన చేతిలోకి తీసుకుని చూశాడు.

"గాడులు పడిన పొట్లాలు పారేయించు. దానికి నేను అడ్డం రాను" అన్నాడు. "కానీ మైలలో తలుపు తీస్తామంటే మాత్రం ఒప్పను, ఉరుకుందమ్మా. నా బిడ్డ పోయి ఇంకా వారం గూడా కాలేదు. అది ఆడ తిరుగుతాంటాది అని నేను అనుకుంటాంటే, నువ్వొచ్చి గింజ మునిగిందంటావు."

"మామా, ఇంకెవురన్నా పోతే ఊరు మునుగుతాది."

"ఇంకెవురూ పోకుంటే సరి" అన్నాడు ఆయన.

ఇంకెవరూ పోకూడదు. ఊరంతా ఇప్పుడు ఈ ఒక్క మాట మీద బతుకుతోంది. సందులో ఎవరైనా దగ్గితే లేచి పోయి చూసి వస్తున్నాను.

నేనూ హుసేనమ్మక్కా పొట్లాలు వేరుచేశాం. గాడులున్నవి ఒక గుట్ట, వెనక వరుసల్లో చెక్కుచెదరకుండా ఉన్నవి ఇంకో గుట్ట. చెడ్డ గుట్టే పెద్దది, మా పసుపు దారాలు ఎక్కువ దాంట్లోనే ఉన్నాయి. మంచివాటితో, కడుపు మాడ్చుకుంటూ అయితే, వానలదాకా నెట్టుకురావచ్చు. చెడ్డ గుట్టను గొయ్యిలో వేయమని అక్కకు చెప్పి నేను వేణి దగ్గరికి వచ్చేశాను.

జ్యేష్ఠం, సోమవారం

హుసేనమ్మక్క మంచం పట్టింది. నాకు చెప్పలేదు. వేణి పోయి చూసి పరిగెత్తుకొచ్చింది.

తొట్టి పక్కన గాడుల ముడతలున్న ఖాళీ పొట్లాలు. అన్నీ ఆకుపచ్చ దారాలవి. నాకు కోపం నషాళానికి అంటింది.

"బుద్ధుందా అక్కా నీకు? పారేయమని చెప్తే తింటావా?"

"నా చేత్తో వండింది మే. గోతిలో ఎట్ల పొయ్యమంటావు? నేను ముసలిదాన్ని, నా పొట్ట రాయి. అరిగిపోతాదిలే అనుకుంటి."

"నీకు మంచి పొట్లాలుండె గదా!"

ఆమె గోడవైపు తిరిగింది. "ఉన్నాయిలే. వాటికి తినేవాళ్ళు వేరే ఉండారు" అంది. జ్వరంలో ఏదో అంటోందనుకున్నాను. చెంచాతో ఉప్పునీళ్ళు పోస్తూ కూర్చున్నాను. దేవుడా, అల్లా, ఎవరైనా సరే, ఈమెను తీసుకుపోవద్దని మొక్కుకున్నాను. అక్క మీద ప్రేమతోనే మొక్కుకున్నాను. మంచుగది తలుపు మీద భయంతో కూడా మొక్కుకున్నాను. రెండూ నిజమే.

జ్యేష్ఠం, గురువారం

హుసేనమ్మక్క నిన్న పొద్దున పోయింది.

వాళ్ళ పద్ధతిలోనే మట్టి చేశారు. ఊరంతా వచ్చింది. ఈ ఊళ్ళో ఆమె చేతి ముద్ద తినని నోరు లేదు. తిరుపాలు మామ అందరి ముందూ అన్నాడు, "హుసేనమ్మ మనకందరికీ అన్నం పెట్టిన తల్లి. ఆమెకు తక్కువ చేస్తే మనకు పుట్టగతులుండవు. పది దినాలు." ఆమె మీద ప్రేమతోనే అన్నాడు. గుడ్డ దించేశారు.

ఈ పొద్దున వేణిని పక్కన కూర్చోబెట్టుకుని తలుపు ముందు కూర్చున్నాను. గది గుర్రుమంటూనే ఉంది. వింటూ కూర్చున్నాను. ఇలాంటి కూర్చోవడం పగవాళ్ళకు కూడా వద్దు. తీస్తే ఏమవుతుందో నాకూ భయమే. నేనూ ఈ ఊళ్ళో పుట్టినదాన్నే. మా అమ్మ పోయినప్పుడు ఈ గుడ్డ ముందే నిలబడి, లోపల అమ్మ తిరుగుతోందని నమ్మి కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఇప్పుడు హుసేనమ్మక్క లోపల ఉండి, నేను అడ్డం పోతే? అది వేణి మీద పడితే?

పని మారే వేళ అయింది. పంపుల నుంచి దిగినవాళ్ళు సందులో నడుస్తున్నారు. అప్పుడు గది ఆగిపోయింది. ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి, ఆగిపోయింది.

"అమ్మా, నిద్రపోయింది" అంది వేణి.

లేచి గుడ్డ పట్టుకున్నాను. ఎవరో కేక వేశారు. "ఉరుకుందమ్మ గుడ్డ తీస్తాంది!" అంతే, సందు నిండిపోయింది. తిరుపాలు మామ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ నా వైపు గొంతు పెంచి మాట్లాడని మనిషి.

"చెయ్యి తియ్యి! మట్టి ఇంకా ఆరలేదు, ఆమెకు ఇదేనా నువ్విచ్చే మర్యాద?"

"మామా, నీ కాళ్ళు మొక్కుతా. ఒక్క గడియ ఎవురూ మాట్లాడాకండి. వినండి. అంతే."

నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపు చూసో ఏమో, అందరూ ఆగారు. సందులో చప్పుడు లేదు. చంకలో ఉన్న పిల్లలు కూడా ఊరుకున్నారు.

"ఏం వినపడ్తాంది మామా?"

"ఏమీ వినపడ్డంలేదు."

"పుట్టినకాటినుంచి ఈ సందులో ఎప్పుడన్నా ఏమీ వినపడకుండా ఉండిందా? ఈ ఏటి మైల దినాల్లో తప్ప?"

నేను గుడ్డ పైకెత్తాను. అంకెల దీపం ఆరిపోయి ఉంది. నా చెయ్యి పట్టుకున్న ఆయన పట్టు వదులైంది. నేను తలుపు లాగాను. వేణి "అమ్మా, వద్దు" అని నా కాలు పట్టుకుని ఏడ్చింది. దాన్ని ఈడ్చుకుంటూనే గడప దాటి లోపల కాలుపెట్టాను.

నిలబడ్డాను. నా మీద ఏమీ పడలేదు. తల మీద దీపం వెలిగింది. వెనక ఎక్కడో గదికి మళ్ళీ గొంతు వచ్చింది. గుర్రుమనే ఆ చప్పుడు మెల్లగా సందంతా పాకింది. బయట నిలబడ్డవాళ్ళందరూ విన్నారు.

తిరుపాలు మామ గడప దగ్గరే నిలబడిపోయాడు. "నా గౌరికీ ఇట్లనే మూస్తి గదా" అన్నాడు. "సుంకన్నకు మూస్తే నా గౌరి పాయ. గౌరికి మూస్తే ఈయమ్మ పాయ." తర్వాత అక్కడే, అందరి ముందూ, కూతురు పోయినప్పుడు ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. మద్దిలేటి ఆయన్ని పట్టుకున్నాడు.

కాసేపటికి ఆయనే కళ్ళు తుడుచుకుని అన్నాడు, "తలుపు తీస్తిమి. ఆమె వాటా అన్నా తీసి పక్కన పెడదాం. ఆకుపచ్చ దారం చూడమ్మా."

మంచి పొట్లాల వరుసలన్నీ వెతికాను. ఆకుపచ్చ దారం ఒక్కటీ లేదు. పసుపు దారాలవి మాత్రం ఉండాల్సినవాటికన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని ముడి విప్పబోయాను. రాలేదు. ఇంకోటి తీశాను. అదీ రాలేదు. మూడోది పళ్ళ మధ్య పెట్టుకుని లాగుతుంటే అప్పుడు తెలిసింది అది ఎవరి ముడో.

తన మంచి పొట్లాలకు మా దారం కట్టి, మా చెడ్డ పొట్లాలకు తన దారం కట్టుకుంది. ఈ రెండు వారాలుగా నేను ముడి చూడకుండా కత్తితో దారం కోసి పెడుతుంటే, నా వేణి తిని లేచి తిరుగుతున్నది ఆమె వాటా. ఆమె తిన్నది మాది.

నేను ఆ చలిలో నేల మీద కూర్చుండిపోయాను. "రాక్షసీ, ఎందుకు చేసినావు" అని బిగ్గరగా తిట్టాను. ఎవరు చెప్పినా లేవలేదు. తిరుపాలు మామే లోపలికి వచ్చి, మైలలో, అందరూ చూస్తుండగా, నన్ను లేపి బయటికి తెచ్చాడు. గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు.

ఆషాఢం

వానలు ఇంకా రాలేదు. తలుపు తీసే వంతులు వేసుకున్నాం. పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం ఒక ఇల్లు. పొట్లం తీసుకునే పనున్నా లేకపోయినా పోయి, తలుపు తీసి, లోపల నిలబడి రావాలి. మొదటి వంతు తిరుపాలు మామ తీసుకున్నాడు. హుసేనమ్మక్క తర్వాత ఇంకెవరూ పోలేదు.

భయం మాత్రం పోలేదు తల్లీ. గది గొంతు కాస్త తగ్గినా అన్నం ముద్ద నోట్లోనే ఆగిపోతుంది. మేస్త్రి ఇంకా మన అలవాట్లు నేర్చుకుంటూనే ఉంది. దానికి మనం ఏం నేర్పుతున్నామో మనకే తెలియదు. అందుకే ఇది బాగా గుర్తుపెట్టుకో. నేను పోయిన రోజున నా మీద గౌరవంతో ఎవరైనా ఆ తలుపు దగ్గరికి గుడ్డ తెస్తే, వాళ్ళ చేతిలోంచి లాక్కో. ముందు తలుపు తీయండి. ఏడ్చేది తర్వాత ఏడవచ్చు.

ఈ రోజు మా వంతు. వేణి ఇప్పటికీ గడప దగ్గర ఆగుతుంది. ముఖం లోపలికి పెట్టి, "పెద్దమ్మా, నేనే, వేణిని. పొట్లం తీసుకుంటాండా" అని చెప్పి, కాసేపు చూసి, అప్పుడు కాలుపెడుతుంది. ఈ రోజు పప్పు పొట్లం తెచ్చుకుని, ముడి రాక, పళ్ళతో పీకుతూ నా పక్కనే కూర్చుంది. విప్పి ఇవ్వనా అంటే వద్దంది.